బడి జీతం, ఉపాధి కూలి: కార్తీక్ మురళీధరన్ పరిశోధనలు ఏం తేల్చాయి?

ప్రభుత్వ బడుల్లో చదువు ఎందుకు అంతంతమాత్రంగా ఉందని అడిగితే తెలుగునాట ప్రతి ఒక్కరి దగ్గరా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. టీచర్లను అడిగేవాళ్లు లేరని ఒకరు అంటారు. నిధులు చాలవని మరొకరు, ఇంగ్లీషు మీడియం లేకపోవడమే అసలు కారణమని ఇంకొకరు. ఉపాధి హామీ విషయంలోనూ ఇంతే. కూలీలు దొరక్కపోవడానికి అదే కారణమని రైతులు గట్టిగా నమ్ముతారు, అది లేకపోతే పేదవాడికి దిక్కు లేదని కూలి సంఘాలు అంతే గట్టిగా చెబుతాయి. వాదన ఏళ్ల తరబడి తెగదు. కానీ ఈ ప్రశ్నల్లో చాలావాటికి కొలిచి చెప్పిన జవాబులు ఉన్నాయి. అవి దొరికింది కూడా ఆదిలాబాద్, మెదక్, నిజామాబాద్, కడప, విశాఖపట్నం వంటి జిల్లాల పల్లెల్లోనే. ఆ పనిలో ముందున్న ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో ప్రాంగణంలో ప్రొఫెసర్. ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలు పాఠంగా చెప్పుకునే ఈ ఫలితాలు, అవి పుట్టిన చోట విధానాల చర్చలోకి ఇంత తక్కువగా రావడం బాధ కలిగించే విషయం.

మొదట పద్ధతి గురించి రెండు మాటలు. ఒక పథకం పనిచేసిందో లేదో చెప్పడం పైకి కనిపించేంత తేలిక కాదు. మంచి హెడ్మాస్టర్ ఉన్న బడే కొత్త పథకానికి ముందు చేయి ఎత్తుతుంది. తర్వాత అక్కడ మార్కులు పెరిగితే అది పథకం గొప్పా, హెడ్మాస్టర్ గొప్పా? ఈ చిక్కు విప్పడానికి లాటరీ వేస్తారు. ఏ బడికి పథకం అందాలో, ఏ బడికి అందకూడదో చీటీ తేలుస్తుంది. బడుల సంఖ్య పెద్దదైతే రెండు గుంపులూ మిగతా అన్ని విషయాల్లో దాదాపు సమానంగా ఉంటాయి. ఆ తర్వాత కనిపించే తేడాను పథకానికే కట్టబెట్టవచ్చు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ప్రయోగం సరిగ్గా ఇలాంటిదే. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేపట్టాయి. మురళీధరన్‌తో పాటు వెంకటేశ్ సుందరరామన్ దీన్ని నడిపించారు. అయిదు జిల్లాలు, జిల్లాకు పది మండలాలు, మండలానికి పది ప్రాథమిక పాఠశాలలు, అంటే మొత్తం 500 బడులు. వాటిని లాటరీలో వందేసి చొప్పున అయిదు గుంపులు చేశారు. ఒక వంద బడుల్లో, తన విద్యార్థులు మార్కుల్లో ఎంత మెరుగుపడితే ఆ టీచరుకు అంత బోనస్. రెండో వందలో అదే బోనస్ బడి మొత్తానికి కలిపి. మూడో వందకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు. నాలుగో వందకు సామగ్రి కొనుక్కోవడానికి నగదు గ్రాంటు. చివరి వందకు ఏమీ లేదు.

బోనస్ పెద్ద మొత్తమేమీ కాదు. తరగతి సగటు మార్కులు ఒక శాతం పెరిగితే 500 రూపాయలు. సగటున చూస్తే టీచరు ఏడాది జీతంలో 3 శాతం దాకా. రెండేళ్ల తర్వాత బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం ముందున్నారు. ఈ కొలత చాలామందికి అర్థం కాదు కాబట్టి ఇంకోలా చెప్పుకోవాలి. వంద మందిని కిందినుంచి పైకి వరసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్య ఉన్న పిల్లవాడు లెక్కల్లో దాదాపు 61వ స్థానానికి ఎక్కినంత మార్పు అది. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్ పరీక్షల్లోనూ ఈ పిల్లలే మెరుగ్గా రాశారు. కాబట్టి పరీక్షకు పనికొచ్చేది మాత్రమే బట్టీ పట్టించారన్న అనుమానానికి ఇక్కడ బలం తక్కువ. అయిదేళ్లూ వ్యక్తిగత బోనస్ బడుల్లోనే చదివిన పిల్లల్లో ఆధిక్యం లెక్కల్లో 0.54కి, భాషలో 0.35కి పెరిగింది. బడి మొత్తానికి కలిపి ఇచ్చిన బోనస్ మాత్రం మొదటి ఏడాది సమంగా నడిచి తర్వాత వెనకబడింది.

ఇందులో ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. బోనస్ పెట్టినందువల్ల టీచర్ల హాజరు పెరగలేదు. బడికి రాని వాళ్లు అప్పుడూ రాలేదు. పెరిగింది వచ్చిన రోజున చేసిన పని. హోంవర్క్ ఇవ్వడం, నమూనా పరీక్షలు పెట్టడం, బడి గంటలు దాటాక అదనపు క్లాసులు తీసుకోవడం, వెనకబడ్డ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోవడం. టీచర్లు తమ నోటితో చెప్పిన మార్పులివి. పైగా, పనితీరుకు తగ్గ జీతం అన్న ఆలోచనను టీచర్లలో ఎక్కువమంది సమర్థించారు. టీచర్లు దీనికి ఒప్పుకోనే ఒప్పుకోరన్న మాటను సంఘాల నాయకుల ప్రకటనలు చూసి నమ్మేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

అదనపు టీచరు సంగతి ఇంకా సున్నితమైంది. వీళ్లు మన బడుల్లో విద్యా వాలంటీర్లుగా అందరికీ తెలిసినవాళ్లే. ఎక్కువగా అదే ఊరివాళ్లు. డీఎస్సీ రాసినవాళ్లు కాదు, జీతం రెగ్యులర్ టీచరు జీతంలో అయిదో వంతు. అలాంటి ఒక్కరిని అదనంగా ఇచ్చిన బడుల్లో రెండేళ్లకు లెక్కల్లో 0.16, భాషలో 0.15 మెరుగుదల కనిపించింది. ఆకస్మిక తనిఖీల్లో గైర్హాజరైన కాంట్రాక్టు టీచర్లు 16 శాతం, రెగ్యులర్ టీచర్లు 27 శాతం. చదువు చెప్పడంలో వీళ్లు వాళ్లకు ఏమాత్రం తీసిపోలేదని కూడా తేలింది, అయితే ఆ పోలిక లాటరీ మీద కాక ఇతర గణాంక పద్ధతుల మీద నిలబడింది.

ఈ ఫలితాన్ని చేతిలో పట్టుకుని రెగ్యులర్ నియామకాలు ఆపేసి అందరినీ చవగ్గా పెట్టుకుందామని ప్రభుత్వం అంటే, అది పరిశోధనను దుర్వినియోగం చేయడమే. ఎందుకంటే ప్రయోగంలో ఉన్నది అదనపు టీచరు, ఉన్నవాళ్ల స్థానంలో వచ్చిన టీచరు కాదు. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని, తాత్కాలిక ఉద్యోగుల విషయంలో 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా ఉంది. అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక కెన్యా నుంచి వచ్చింది. అక్కడ ఇతర పరిశోధకులు చేసిన ప్రయోగంలో ఒక స్వచ్ఛంద సంస్థ నియమించిన కాంట్రాక్టు టీచర్ల వల్ల పిల్లల చదువు పెరిగింది. అదే పథకాన్ని ప్రభుత్వం నడిపిన చోట ఫలితం శూన్యం. కాగితం మీద పథకం ఒకటే, నడిపిన చేతులే వేరు.

తమిళనాడు అంగన్‌వాడీల్లోనూ ఇలాంటి ప్రయోగమే జరిగింది. కేంద్రానికి సగం పూట పనిచేసే ఒక వర్కరును అదనంగా ఇచ్చారు. పూర్వ ప్రాథమిక బోధనకు దొరికే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నరకు పిల్లలు లెక్కల్లో 0.29, భాషలో 0.46 ముందుకు వెళ్లారు. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలు కూడా తగ్గారు. ఒకే అంగన్‌వాడీ టీచరు మీద వంట పర్యవేక్షణ, తూకాలు, రిజిస్టర్లు, సర్వేలు, చదువు అన్నీ మోపితే ముందు చదువే ఎగిరిపోతుందని అక్కడ పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. ఇక్కడ ఆ మాటకు లెక్క కూడా తోడైంది.

ఇక గ్రాంటు. బడికి డబ్బిచ్చి పలకలు, నోటుబుక్కులు, చార్టులు కొనిపిస్తే మేలు జరగాలి కదా. మొదటి ఏడాది జరిగింది. రెండో ఏడాదికి ఆ ప్రభావం కనిపించకుండా పోయింది. కారణం ఇళ్లలో తేలింది. గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు, బడి ఎలాగూ కొనిస్తుందని తమ చేతి ఖర్చు ఆపుకున్నారు. అటు పెరిగింది ఇటు తగ్గింది. జాంబియాలోనూ ఇదే కనిపించింది. పేద కుటుంబానికి ఆ మేరకు డబ్బు మిగలడం మంచిదే, అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ నోటుబుక్కులు పంచిన ఖర్చును చదువు మెరుగుదల పద్దులో వేసుకోవడం మాత్రం సరికాదు.

డబ్బు పెరిగినంత మాత్రాన చదువు పెరగదని చెప్పే అతి పెద్ద సాక్ష్యం ఇండోనేషియాది. అక్కడ 2005 చట్టం ప్రకారం, ధ్రువీకరణ పొందిన టీచరుకు మూల వేతనం రెట్టింపవుతుంది. 360 బడుల్లో 120 బడులకు లాటరీ ద్వారా ఈ పెంపు ముందుగా అందేలా చేసి మురళీధరన్ బృందం రెండు మూడేళ్లు గమనించింది. టీచర్లకు తృప్తి పెరిగింది, అప్పుల టెన్షన్ తగ్గింది, రెండో ఉద్యోగం చేసేవాళ్లూ తగ్గారు. పిల్లల మార్కులు ఇసుమంత కూడా కదల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో జీతంలో 3 శాతం బోనస్ సాధించింది అక్కడ నూరు శాతం పెంపు సాధించలేకపోయింది. బాగా చెప్పినా చెప్పకపోయినా ఒకే జీతం అందుతున్నంత కాలం, ఆ జీతం ఎంతైనా క్లాసు గదిలో మారేది తక్కువ.

తెలుగు తల్లిదండ్రులు నేరుగా పట్టించుకోవాల్సిన పరిశోధన మరొకటి ఉంది. 180 గ్రామాల్లో, ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడిలో చదివేందుకు ఫీజు వోచర్లు ఇచ్చారు. లాటరీ రెండు దశల్లో జరిగింది. ముందు ఏ గ్రామాలన్నది, ఆ తర్వాత ఆ గ్రామాల్లో ఏ పిల్లలన్నది. ప్రైవేటు బడుల్లో టీచర్ల హాజరు మెరుగు, తరగతులు చిన్నవి, పనిగంటలు ఎక్కువ, శుభ్రత కూడా ఎక్కువే. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్‌లో వోచర్ పిల్లలకూ, వోచర్ రాక ప్రభుత్వ బడిలో ఉండిపోయిన పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడిలో హిందీ లేదు కాబట్టి అది సహజమే.

ఇక్కడితో ఆగితే ప్రైవేటు బడి వృథా అన్న తీర్మానానికి వస్తాం. టైం టేబుల్ చూస్తే కథ మారుతుంది. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి, ఆ మిగిలిన పీరియడ్లలో ఇంగ్లీషు, హిందీ, సైన్సు, సోషల్ చెప్పాయి. తక్కువ సమయంలోనే ఆ రెండు సబ్జెక్టుల్లో సమాన ఫలితం తెచ్చాయన్నమాట. అదీ ప్రభుత్వం ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా. ఆ తక్కువ ఖర్చు వెనక ఉన్నది అక్కడి టీచర్ల అతి తక్కువ జీతాలే. వోచర్ పిల్లలు వచ్చి చేరినందువల్ల ప్రైవేటు బడిలో ముందునుంచీ ఉన్నవాళ్ల చదువు గానీ, వాళ్లు వెళ్లిపోయినందువల్ల ప్రభుత్వ బడిలో మిగిలినవాళ్ల చదువు గానీ దెబ్బతినలేదు.

మాధ్యమం గురించి కూడా ఇదే అధ్యయనంలో ఒక సూచన ఉంది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మారిన పిల్లలు ఇంగ్లీషు కాని సబ్జెక్టుల్లో వెనకబడినట్టు, తెలుగు మీడియం ప్రైవేటు బడికి వెళ్లినవాళ్లు ముందుకు వెళ్లినట్టు కనిపించింది. మీడియాన్ని లాటరీ వేసి కేటాయించలేదు కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోవాలి. అయినా, 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రాథమిక తరగతులన్నిటినీ ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని ఉత్తర్వులిచ్చి, 2020లో హైకోర్టు వాటిని కొట్టేసిన ఆ వివాదమంతటా ఆత్మగౌరవం, అవకాశాల సమానత్వం, మాతృభాష మీద మమకారం గురించే ఎక్కువ మాట్లాడారు. అవన్నీ విలువైన మాటలే. కానీ అర్థం కాని భాషలో భిన్నాలు వింటున్న మూడో తరగతి పిల్లకు ఏం జరుగుతుందన్నది కొలవగలిగిన ప్రశ్న. ముందు కొన్ని మండలాల్లో మొదలుపెట్టి, కొలిచి, తర్వాత విస్తరించే వెసులుబాటు అప్పట్లో ప్రభుత్వానికి ఉంది.

పిల్లలకు అర్థం కావడం గురించే ఢిల్లీలో చేసిన ఇంకో అధ్యయనం. అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్‌లతో కలిసి మురళీధరన్, ఒక్కో పిల్లవాడి స్థాయిని బట్టి ప్రశ్నలు మార్చుకునే మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను పరీక్షించారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 మెరుగుదల వచ్చింది. దానికన్నా ముఖ్యం, ఆ ప్రోగ్రామ్‌లో నమోదైన వివరాలు బయటపెట్టిన వాస్తవం. ఆరో తరగతికి వచ్చేసరికే సగటు పిల్లవాడు లెక్కల్లో రెండున్నర తరగతులు వెనక ఉన్నాడు. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆ ఎడం ఇంకా పెరిగింది. టీచరు మాత్రం ఆ తరగతి సిలబస్ పూర్తి చేయాలి. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాని పిల్లవాడి ముందు బీజగణితం చెప్పుకుంటూ పోతే, టీచరు ఎంత నిజాయితీగా పనిచేసినా పిల్లవాడికి అందేది ఏమీ ఉండదు. బిహార్‌లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు, నిషిత్ ప్రకాశ్‌తో కలిసి చేసిన అధ్యయనం ప్రకారం, వాళ్ల చేరికలు 32 శాతం పెరిగాయి. బడికి రప్పించడం మనకు చేతనవుతోంది, వచ్చినవాళ్లకు నేర్పడమే కావడం లేదు.

కూలి విషయానికి వస్తే, ఉపాధి హామీ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన స్మార్ట్‌కార్డు ప్రయోగం, అంటే వేలిముద్ర సరిచూసి కూలి చెల్లించే కార్డుల ప్రయోగం, ఇంకా పెద్దది. 157 మండలాలు, కోటీ తొంభై లక్షల జనాభా. పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ సహ పరిశోధకులు. ఏ మండలానికి ముందు కార్డులు రావాలన్నది లాటరీలో తేల్చారు. అప్పటిదాకా మస్టర్‌లో హాజరు, దాన్ని మండల ఆఫీసులో కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఆ తర్వాత పోస్టాఫీసు ముందు పడిగాపులు. కొత్త పద్ధతిలో కూలి డబ్బు చేతికిచ్చే సర్వీస్ ప్రొవైడర్ ఒకరు ఊళ్లోనే ఉంటుంది. ఆమె ఆ ఊరి మనిషే అయి ఉండాలి, మహిళా సంఘంలో సభ్యురాలు కావాలి, గ్రామ అధికారులకు బంధువు కాకూడదు. వేలిముద్ర సరిపోతే మిషన్ రసీదు ఇస్తుంది. చదువు రానివాళ్ల కోసం ఎంత డబ్బో తెలుగులో పైకి చెబుతుంది కూడా.

రెండేళ్లయినా సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి వచ్చాయి. అయినా కూలి తీసుకోవడానికి పట్టే సమయం 20 శాతం తగ్గింది, ఉపాధి హామీ నుంచి ఇంటికి అందే సొమ్ము 24 శాతం పెరిగింది, మధ్యలో కారిపోయే సొమ్ము 41 శాతం తగ్గింది. ప్రభుత్వం అదనంగా ఖర్చు పెట్టలేదు, అంతకుముందు పెట్టిన ఖర్చే చేరాల్సినవాళ్లకు ఎక్కువగా చేరింది.

అసలు ఆశ్చర్యం తర్వాతి లెక్కలో ఉంది. ఈ మండలాల్లో లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. ఆ పెరిగిన సంపాదనలో 86 శాతం ఉపాధి హామీ పని నుంచి వచ్చింది కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. ఊళ్లో కూలి రేట్లు పెరిగాయి, బయటి పనిదినాలూ పెరిగాయి. రేటు పెరిగితే పని తగ్గాలని అర్థశాస్త్ర పుస్తకం చెబుతుంది. ఇక్కడ అలా జరగలేదు, అందులోనూ భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో పని మరీ పెరిగింది. వేరే దారి లేని కూలీలున్న ఊళ్లో పెద్ద రైతు తక్కువ రేటుకు వచ్చేవాళ్లతోనే నెట్టుకొస్తాడు. ఇంకో పదిమంది కావాలంటే అందరికీ రేటు పెంచాల్సి వస్తుందని వాళ్లను పిలవడు. కూలీకి నిజంగా డబ్బు చేతికందే ఇంకో పని ఉన్నప్పుడు రేటు ఎలాగూ పెరుగుతుంది. ఇక మనుషుల్ని తగ్గించి పెట్టుకోవడంలో రైతుకు లాభం ఉండదు. ఊళ్లో వ్యవసాయేతర వ్యాపారాలు కూడా వేగంగా పెరిగాయి.

రైతుల ఫిర్యాదులో నిజం లేదని దీని అర్థం కాదు. భూమి మీద రాబడి తగ్గిందని ఇదే అధ్యయనం చూపించింది. రెండెకరాల రైతుకు ఆ భారం చిన్నదేమీ కాదు. దానికి మందు పంట ధరల్లో, సాగు ఖర్చుల్లో వెతకాలి తప్ప కూలీ బేరమాడే శక్తిని తగ్గించడంలో కాదు.

టెక్నాలజీ పెడితే చాలు, అంతా బాగుపడుతుందని కూడా దీన్నుంచి అనుకోకూడదు. జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఈ బృందమే అధ్యయనం చేసింది. ఆ దశలో లీకేజీ తగ్గలేదు, అప్పటిదాకా ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే సరుకు మాత్రం 10 శాతం తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో కార్డు లేనివాళ్లకూ పాత పద్ధతిలో కూలి ఇచ్చారు. జార్ఖండ్‌లో వేలిముద్ర పడకపోతే బియ్యం లేవు.

ప్రభుత్వాలు ఎవరి మాట వింటాయన్నది మిగిలిన ప్రశ్న. మధ్యప్రదేశ్‌లో బడుల నిర్వహణ మెరుగుపరచడానికి 1,774 బడుల్లో ఒక కార్యక్రమం పెట్టారు. బడికి రేటింగు, దాని మీద అభివృద్ధి ప్రణాళిక. ఫారాలన్నీ దాదాపు నూటికి నూరు శాతం నిండాయి. బడి నడిచే తీరులో గానీ, పిల్లల చదువులో గానీ మార్పు లేదు. క్షేత్రస్థాయి అధికారులను అడిగితే తమకు రిపోర్టుల పని పెరిగిందని చెప్పారు. అయినా కాగితాలు నిండినందుకు అది విజయవంతమైందని భావించి దేశవ్యాప్తంగా ఆరు లక్షలకు పైగా బడులకు విస్తరించారు. స్మార్ట్‌కార్డుల కథ దీనికి తలకిందులు. లబ్ధిదారుల్లో నూటికి తొంభై మందికి పైగా అదే కావాలన్నారు. కానీ హైదరాబాద్‌కు చేరిన ఫిర్యాదులు దానివల్ల పైరాబడి పోయినవాళ్లవి. ఒక దశలో ఆ కార్యక్రమం రద్దయ్యే దాకా వెళ్లింది.

అందుకే తెలంగాణలో 2018లో రైతుబంధు మొదటి విడతప్పుడు ఈ బృందం నేరుగా రైతునే అడిగే మార్గం పట్టింది. 57 లక్షల మందికి చెక్కులు పంచాలి. లాటరీలో వచ్చిన ప్రాంతాల అధికారులకు, మీ పరిధిలో చెక్కు అందిందో లేదో రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటామని ముందే చెప్పారు. ఆ ఒక్క మాటతో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతుకు చేరిన ప్రతి 100 రూపాయలకూ అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలు.